ఇరవయ్యో వారం

గత సంచికలో నిలోఫర్ ఆసుపత్రి దగ్గర ఆగాం. తన పరిచారిక కాన్పులో ప్రాణం పోగొట్టుకున్నప్పుడు ఏడో నిజాం కోడలు నిలోఫర్ పడ్డ వేదనలోంచి పుట్టిన ఆసుపత్రి అది. 1953లో తలుపులు తెరిచింది. అప్పటికి మన హైదరాబాదులో ఎంత పేరున్న డాక్టరైనా గర్భంలోని బిడ్డ గురించి తెలుసుకోవాలంటే చేత్తో తడమాలి, గొట్టం ఆనించి చెవితో వినాలి. తల కిందికి తిరిగిందా, గుండె కొట్టుకుంటోందా, కదలిక ఉందా అన్నంత వరకే తెలిసేది. వెన్నెముక సరిగ్గా మూసుకుందా, గుండెకు నాలుగు గదులూ ఉన్నాయా, మూత్రపిండాలు రెండూ ఏర్పడ్డాయా అన్నది కాన్పయ్యాక గానీ బయటపడేది కాదు. కొన్నిసార్లు అప్పుడూ తెలిసేది కాదు. చూడటానికి నిండుగా ఉన్న బిడ్డ రెండో రోజుకో మూడో రోజుకో నీలంగా మారి పోయేది. ఎందుకు పోయిందో ఆ తల్లికి చెప్పగలిగినవాళ్లు లేరు.

ఈ వారం తెల్లాపూర్ వెళదాం. ఒకప్పటి మెదక్ జిల్లాలో, రామచంద్రాపురం పక్కన చెరువులూ పొలాలూ ఉన్న పల్లె. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 2018లో మున్సిపాలిటీ అయింది. ఒకవైపు నల్లగండ్ల, ఇంకోవైపు కొల్లూరు, అవతల ఔటర్ రింగు రోడ్డు, దక్షిణాన ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు. లింగంపల్లి నుంచి తెల్లాపూర్ మీదుగా రామచంద్రాపురానికి ఎంఎంటీఎస్ రైలూ వచ్చింది. గేటెడ్ కమ్యూనిటీలు లేచినచోటల్లా బడి, సూపర్‌మార్కెట్‌, వాటి వెనకే స్కానింగు సెంటరు లేస్తాయి. ఆ సెంటరు గోడ మీద చట్టం రాయించిన ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు.

ఆ గోడకు ఇవతల కూర్చున్న ఆడవాళ్ల నోట ఇవాళ మూడు పేర్లు వినిపిస్తాయి. మూడో నెలలో బిడ్డ మెడ వెనక నీటిపొరను కొలిచే ఎన్‌టీ స్కాన్, ఐదో నెలలో టిఫా స్కాన్, ఆ తర్వాత గ్రోత్ స్కాన్. వీటిలో టిఫా అంటేనే ఇళ్లలో గుబులు. బిడ్డ అవయవాలన్నీ ఒక్కొక్కటిగా వెతికి చూసే పరీక్ష అదే. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వారాల మధ్య చేస్తారు. ఆ నాలుగైదు వారాల కిటికీ ఎలా తెరుచుకుంది, దాని చుట్టూ ఎన్ని చట్టాలు, తగాదాలు, మోసాలు, మంచి పనులు అల్లుకున్నాయి అన్నదే ఈ అధ్యాయం. ఈ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా యంత్రాన్ని పొగుడుతారు. నేను వారాలను లెక్కపెడతాను. ఏ వారంలో చూశారన్నదే బిడ్డ బతుకునూ, తల్లి నిర్ణయాన్నీ మార్చింది.

కథ మొదలైంది ఒక బాయిలర్ల ఫ్యాక్టరీలో. తెల్లాపూర్ పక్కనే బీహెచ్‌ఈఎల్ ఉంది కనుక ఇక్కడివాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. దళసరి ఉక్కు పలకకు వెల్డింగు చేశాక లోపల పగులు ఉందో లేదో కంటికి కనిపించదు. మనిషి చెవికి అందనంత సన్నని ధ్వనిని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పగులు ఎంత లోతున ఉందో చెబుతారు. భారీ పరిశ్రమల్లో ఇది రోజువారీ తనిఖీ. 1955 జూలైలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్ర ఆచార్యుడు ఇయన్ డొనాల్డ్, రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ ఫ్యాక్టరీకి కారులో వెళ్లాడు. కారు డిక్కీలో ఆపరేషన్లలో తీసిన గర్భాశయపు గడ్డలూ అండాశయపు తిత్తులూ ఉన్నాయి. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు పెద్ద మాంసపు ముక్క ఒకటి తెప్పించి పెట్టారు. ఉక్కును పరీక్షించే యంత్రాన్ని వాటి మీద ఆనించారు. గట్టి గడ్డ ఒక రకంగా పలికింది, నీటితిత్తి ఇంకో రకంగా పలికింది. డొనాల్డ్ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసినవాడు. రాడార్, సోనార్ అతనికి కొత్త కాదు. ఆ తేడా విలువ వెంటనే పట్టేశాడు.

కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఈ ప్రయత్నం గురించి విని తనంతట తానే డొనాల్డ్‌కు ఫోన్ చేశాడు. అతనూ, జాన్ మెక్‌వికార్ అనే డాక్టరూ కలిశాక పని ఊపందుకుంది. కడుపులో కాన్సరు ముదిరిపోయిందని ఆశ వదిలేసిన ఒకామెను వీళ్లు పరీక్షించారు. అది కాన్సరు కాదు, పెద్ద నీటితిత్తి అని యంత్రం చెప్పింది. ఆపరేషన్ చేసి తీస్తే ఆమె బతికింది. 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో ముగ్గురి పేరుతో వ్యాసం వచ్చింది. గర్భంలోని బిడ్డ తల ప్రతిధ్వని అందులో కనిపించింది. లోకం తల్లి కడుపులోకి తొంగిచూడటం అక్కడి నుంచే మొదలైందనుకోవాలి.

మొదటి పదేళ్లూ ఆ యంత్రంతో చేసింది కొలతలే. తల ఎంత వెడల్పుంది, బిడ్డ ఎన్ని వారాలది, ఒక్కరా కవలలా, మాయ ఎక్కడుంది అనే లెక్కలు. లోపం పట్టి, దాన్ని బట్టి అడుగు వేసిన రోజు 1972లో వచ్చింది. డొనాల్డ్ దగ్గర గ్లాస్గోలో పనిచేసి లండన్ క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రికి వెళ్లిన స్టూవర్ట్ కాంప్‌బెల్, పదిహేడు వారాల గర్భంలో బిడ్డకు పుర్రె పైకప్పు ఏర్పడలేదని తెర మీద గుర్తించాడు. అనెన్సెఫలీ అంటారు దాన్ని. అలాంటి బిడ్డ పుట్టినా బతకదు. తల్లి గర్భస్రావం చేయించుకుంది. 1975లో కాంప్‌బెల్ బృందమే వెన్నెముక మూసుకోని స్పైనా బిఫిడానూ గర్భంలోనే పట్టింది. కాంప్‌బెల్ గురువు డొనాల్డ్ మాత్రం గర్భస్రావాన్ని జీవితాంతం గట్టిగా వ్యతిరేకించాడు. ఒకే యంత్రం, గురుశిష్యులు, రెండు దారులు. ఈ తగువు ఇవాళ్టికీ ప్రతి స్కానింగు గదిలోనూ ఉంది. దాన్ని తీర్చే హక్కు తల్లిదని నేను నమ్ముతాను. తీర్చుకోవడానికి ఆమెకు కావలసినవి నిజమైన సమాచారం, చాలినంత సమయం.

కాంప్‌బెల్ తెర మీద ఆ బిడ్డను చూసిన ఏడాదే మన దేశంలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. మహారాష్ట్ర మంత్రి శాంతిలాల్ షా నాయకత్వంలో వేసిన కమిటీ సిఫారసుల మీద పార్లమెంటు 1971లో గర్భస్రావ చట్టం చేసింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పుట్టే బిడ్డకు తీవ్రమైన శారీరక, మానసిక లోపం ఉండే ప్రమాదం గట్టిగా ఉంటే గర్భం తీసివేయవచ్చని అందులో ఉంది. గడువు ఇరవై వారాలు. ఆ లోపాన్ని గర్భంలో చూసే సాధనం అప్పటికి మన ఆసుపత్రుల్లో లేదు. గడువు రాసినవాళ్లు ఆనాటి శస్త్రచికిత్స ప్రమాదాలను చూసుకుని రాశారు. తర్వాత యంత్రం వచ్చింది. అది బాగా చూడగలిగేది సరిగ్గా పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వారాల మధ్య. చట్టం తలుపు మూసే చోటే యంత్రం కళ్లు తెరిచింది. ఈ పొరపొచ్చెం సరిదిద్దుకోవడానికి మనకు యాభై ఏళ్లు పట్టింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మన తెలుగు ఇళ్లలో అప్పటికి పుట్టుక లోపాల మీద ఉన్న జ్ఞానం ఏమిటి? పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణం మొర్రి అన్నారు. గ్రహణం పూట గర్భిణి కదిలిందనో, కత్తిపీట పట్టుకుందనో చెప్పి నేరం తల్లి మీద వేశారు. ఇప్పటికీ గ్రహణం రోజున సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కోడలినీ గదిలో కదలకుండా పడుకోమనే అత్తగార్లు తెల్లాపూర్ టవర్లలో ఉన్నారు. భయం కొద్దీ చెబుతారు, పగతో కాదు. కానీ నింద ఎప్పుడూ తల్లి వైపే వెళ్లడం మాత్రం నన్ను బాధపెడుతుంది.

నిజంగా వెతకవలసిన చోట వెతికిన తెలుగువాళ్లూ ఉన్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ, బ్రిటన్ వదిలి భారతదేశానికి వచ్చేసిన మహా జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు. 1960ల మొదట్లో ఆయన, పి. మీరాఖాన్ కలిసి ఆంధ్ర దేశంలో మేనరికాలు ఎంత ఎక్కువో, వాటి ఫలితాలేమిటో శాస్త్రీయంగా లెక్కకట్టారు. మేనమామనూ మేనబావనూ చేసుకునే మన ఆచారాన్ని ప్రపంచ జన్యుశాస్త్ర పత్రికలకెక్కించినవాటిలో ఆ వ్యాసాలూ ఉన్నాయి. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఓ.ఎస్. రెడ్డి బేగంపేటలో జన్యువ్యాధుల ఆసుపత్రిని కట్టి నిలబెట్టారు. ఇవాళ ఎన్‌టీ స్కాన్‌కు వెళ్లిన దంపతులను మొదట అడిగే ప్రశ్నల్లో ‘మేనరికమా?’ అన్నది ఒకటి. సాధారణంగా నూరు కాన్పుల్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలకు చెప్పుకోదగ్గ లోపం ఉంటుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్లయితే అది ఇంచుమించు రెట్టింపు. అయితే మేనరికం తెచ్చే జబ్బుల్లో చాలా భాగం స్కానింగులో కనపడవు. తలసీమియా ఉన్న బిడ్డ తెర మీద నిక్షేపంగా ఉంటుంది. దానికి భార్యాభర్తల రక్తపరీక్ష ముందే జరగాలి.

ఇంకో తెలుగు పేరు చెప్పకుండా ఈ అధ్యాయం దాటలేను. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అన్నదమ్ముల్లో ఇద్దరిని స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకూ, ఒక రకం రక్తహీనతకూ అది మందయింది. 1948లో సుబ్బారావు కన్నుమూశారు. ఆ తర్వాత 43 ఏళ్లకు, 1991లో, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఒకసారి వెన్నెముక లోపంతో బిడ్డను కన్న తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని తేలింది. కాంప్‌బెల్ తెర మీద పట్టిన రెండు లోపాలూ ఈ కోవలోవే. గర్భంలో లోపాన్ని చూడటం గ్లాస్గో, లండన్ నేర్పితే, అది రాకుండా ఆపే మాత్ర వెనక మన భీమవరం మనిషి ఉన్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియకుండా పోయింది.

ఇక్కడా వారమే ముఖ్యం. బిడ్డ వెన్నుకాలువ గర్భం నిలిచిన ఇరవై ఎనిమిదో రోజుకల్లా మూసుకుంటుంది. నెల తప్పిందని అమ్మాయి తెలుసుకుని, ఇంట్లో చెప్పి, ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ రోజు దాటిపోతుంది. అందుకే ఫోలిక్ ఆమ్లం బిడ్డ కావాలనుకున్నప్పుడే మొదలుపెట్టాలంటారు. మూడో నెల దాటాక ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్న ఫోలిక్ ఆమ్లం తల్లి రక్తానికి మేలు చేస్తుంది గానీ వెన్నెముకకు అందదు.

యంత్రం మన దేశానికి వచ్చాక ఏమైందన్నది కష్టమైన భాగం. 1970ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉమ్మనీరు తీసి బిడ్డ లోపాలు కనిపెట్టే పరీక్ష మొదలుపెడితే, జనం ఆడపిల్లా మగపిల్లాడా అని తెలుసుకోవడానికి క్యూ కట్టారు. స్కానింగు చవకై పట్టణాలకు పాకాక ఆ పని ఇంకా తేలికైంది. దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1991 జనగణనలో 945 మంది ఆడపిల్లలుంటే, 2001కి 927కి దిగారు. లోపం చూడటానికి వచ్చిన సాధనం ఆడపిల్లగా ఉండటమే లోపమన్నట్టు వాడబడింది. 1994లో చేసిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1996 జనవరి 1 నుంచి అమలైనా ఏళ్ల తరబడి కాగితం మీదే ఉంది. సేహత్, మాసూమ్ సంస్థలూ, సాబు జార్జ్ అనే కార్యకర్తా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2001లో కోర్టు ప్రభుత్వాలను గట్టిగా కదిలించింది. 2003లో చట్టానికి కోరలు పెట్టారు.

ఆ కోరలు నిజంగా పనిచేయగలవని దేశానికి చూపించిన ఊళ్లలో హైదరాబాదు ఒకటి. 2004-05 ప్రాంతంలో ఇక్కడ కలెక్టరుగా ఉన్న అరవింద్ కుమార్ చేసిన పని ఆర్భాటమైనది కాదు. స్కానింగు సెంటర్లు ప్రతి గర్భిణికీ నింపి పంపవలసిన ఫారం-ఎఫ్‌లను తెప్పించి, కూర్చోబెట్టి చదివించారు. ఎన్నింటిలో కారణం రాయలేదు, ఎన్నింటిలో సంతకం లేదు, ఏ సెంటరు ఎన్ని స్కాన్లు చేసి ఎన్నింటికి ఫారం పంపింది అని లెక్క తీశారు. నోటీసులు వెళ్లాయి, రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి, యంత్రాలకు సీళ్లు పడ్డాయి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు యంత్రాలు అమ్మినవాళ్ల మీదా కేసులు పెట్టారు. దాడులూ మారువేషాలూ లేకుండా కాగితాలు చదివితే నేరం బయటపడుతుందని మన ఊరు నేర్పిన ఆ పాఠాన్ని ఇతర రాష్ట్రాలు అందుకున్నాయి.

డాక్టర్లలో చాలామంది ఆ రోజుల్ని ఇష్టంగా తలుచుకోరు. గుమస్తా పొరపాటుకు నేరస్తుల్లా నిలబెట్టారని వాళ్ల బాధ. ప్రసూతి వైద్యుల సమాఖ్య ఆ వాదనతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 మే నెలలో కోర్టు ఒప్పుకోలేదు. ఫారం నింపడం చిన్న విషయం కాదు, ఈ చట్టానికి ప్రాణమే అది అంది. నాకు ఈ తీర్పే సబబనిపిస్తుంది. అయినా ఒక మాట డాక్టర్ల తరఫున చెప్పాలి. ఫారం-ఎఫ్ భయంతో చిన్న ఊళ్లలో ఎంతోమంది యంత్రం జోలికే వెళ్లలేదు. ఆ చట్టంలోనే, జన్యులోపాలూ పుట్టుక లోపాలూ కనిపెట్టడానికి పరీక్ష చేయవచ్చని స్పష్టంగా ఉంది. ఒక తప్పును ఆపే ఆదుర్దాలో మంచి పని పల్లెలకు ఆలస్యంగా చేరింది.

మంచి పని అంటే ఏమిటో కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఇరవయ్యో వారంలో బిడ్డ బరువు మూడు వందల గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గుండె రెండు సెంటీమీటర్లు దాటి పెద్దగా ఉండదు. సోనాలజిస్టు తల్లి పొట్ట మీద జెల్ రాసి ప్రోబు ఆనించి తలతో మొదలుపెడతారు. పుర్రె గుండ్రంగా ఉందా, మెదడులో నీటిగదులు పది మిల్లీమీటర్లు దాటాయా, చిన్నమెదడు ఆకారం ఎలా ఉంది? వెన్నెముకలో లోపముంటే మెదడు వెనక భాగం కిందికి జారి పుర్రె నిమ్మకాయలా, చిన్నమెదడు అరటిపండులా వంగి కనపడతాయని కైప్రోస్ నికొలైడిస్ బృందం 1986లో చెప్పింది. అప్పటి నుంచి వెన్ను లోపాన్ని మొదట తలలో వెతుకుతున్నారు. తర్వాత పై పెదవి. ఆ పైన వెన్నుపూసలు ఒక్కొక్కటీ. గుండెలో నాలుగు గదులు, వాటి మధ్య గోడ, అక్కడి నుంచి బయలుదేరే రెండు పెద్ద నాళాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళుతున్నాయా లేదా. పొట్ట సంచి ఎడమ పక్కనే ఉందా, లేక డయాఫ్రమ్‌కు కన్నం పడి ఛాతీలోకి జరిగిందా. మూత్రపిండాలు, మూత్రాశయం, బొడ్డుతాడులో మూడు నాళాలు, కాళ్లు, చేతులు, పాదాల వంపు. బిడ్డ బోర్లా పడుకుంటే తల్లిని కాసేపు నడిచి రమ్మంటారు. కొందరు ఏదైనా తీపి తిని రమ్మంటారు. ఓపిగ్గా చేస్తే అరగంట, ముప్పావుగంట పట్టే పని.

దీనికి యంత్రం ఎంత ముఖ్యమో చూసే మనిషి అంతకన్నా ముఖ్యం. 1990లో ఫిన్లాండులోని హెల్సింకిలో తొమ్మిది వేలకు పైగా గర్భిణుల మీద జరిగిన అధ్యయనం ప్రచురించారు. ఒకే ఊళ్లో రెండు ఆసుపత్రులు. ఒకదానిలో లోపాల్లో 77 శాతం పట్టుకున్నారు, రెండోదానిలో 36 శాతమే. 1993లో అమెరికాలో పదిహేను వేలకు పైగా గర్భిణుల మీద జరిగిన పెద్ద పరీక్షలో స్కాన్ చేసినా మూడో వంతు లోపాలే బయటపడ్డాయి. టిఫా రిపోర్టులో లోపం లేదని రాస్తే పూర్తిగా నిశ్చింతగా ఉండవచ్చని ఏ నిజాయితీ గల డాక్టరూ చెప్పరు. చూసే మనిషికి కావలసిన ఈ నేర్పు మన దగ్గరకు వచ్చింది మదరాసు మీదుగా. డాక్టర్ ఎస్. సురేశ్ మెడిస్కాన్‌లో 1980ల నుంచి నేర్పించిన చదువు దక్షిణాదిలో ఒక తరాన్ని తయారుచేసింది. హైదరాబాదులో 1948లో బొగ్గులకుంటలో చిన్న నర్సింగ్ హోముగా మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి గర్భస్థ శిశువు వైద్యాన్ని ప్రత్యేక శాఖగా పెంచి కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తోంది. దానికి డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ జన్యుపరీక్షలు తోడయ్యాయి.

లోపం కనపడగానే గర్భం తీయించుకోవడమే అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ అపోహ పోవాలి. పెదవి చీలికను పుట్టిన కొద్ది నెలల్లోనే ఆపరేషన్‌తో సరిచేస్తారు. పాదం వంపును ప్లాస్టరు కట్లతో తిప్పేస్తారు. పెద్ద రక్తనాళాలు తారుమారైన గుండెను ముందే కనిపెడితే, కాన్పు గుండె ఆపరేషన్ చేయగల ఆసుపత్రి దగ్గరే పెట్టుకుని బిడ్డను కాపాడవచ్చు. ఈ అధ్యాయం మొదట్లో చెప్పిన, రెండో రోజుకు నీలంగా మారి పోయిన బిడ్డల్లో కొందరు ఇలాంటివాళ్లే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పేద ఇళ్ల పిల్లలకూ ఆ చికిత్సల దారి తెరిచాయి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి ప్రేమగా పెరుగుతున్న పిల్లలున్నారు. ఏది చావు కబురో, ఏది చికిత్స ఉన్న కబురో, ఏది వేరే రకం బతుకు కబురో విడదీసి చెప్పగలిగిన డాక్టరే ఆ గదిలో అసలైన డాక్టరు.

ఇక గడువు సంగతి. 2008లో ముంబయిలో నికేతా మెహతా అనే ఆమెకు ఇరవై నాలుగో వారం ప్రాంతంలో బిడ్డ గుండెలో తీవ్రమైన అడ్డంకి ఉందని తెలిసింది. భర్త హరేశ్, డాక్టరు నిఖిల్ దాతార్‌తో కలిసి హైకోర్టుకు వెళ్లింది. చట్టం ఇరవై వారాలే అంటోంది, మేమేం చేయలేం అని కోర్టు ఆగస్టు 4న తిప్పి పంపింది. ఆ తర్వాత ఆమెకు గర్భం దానంతటదే పోయింది. దేశం మొత్తం ఆమె గురించి మాట్లాడుకుంది, చట్టం మాత్రం కదల్లేదు. 2016 జూలైలో సుప్రీంకోర్టు ఒకామెకు ఇరవై నాలుగు వారాల గర్భం తీసివేయడానికి అనుమతి ఇచ్చింది. 2017లో పుర్రె ఏర్పడని బిడ్డ విషయంలో ఒకరికి ఒప్పుకుంది, డౌన్ సిండ్రోమ్ విషయంలో ఇంకొకరికి కాదంది. ఆ ఏళ్లలో ఐదో నెల స్కానులో పిడుగులాంటి మాట విన్న తల్లి ఏడవడానికి కూడా తీరిక లేకుండా వకీలును వెతుక్కోవలసి వచ్చింది. అంతటి ఖర్చు భరించలేనివాళ్లు ఏం చేశారో ఏ తీర్పులోనూ నమోదు కాలేదు.

2021లో పార్లమెంటు చట్టం సవరించింది. సెప్టెంబరు 24 నుంచి అమలైంది. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని వర్గాల స్త్రీలకు ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. బిడ్డకు తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తే వారాల పరిమితే లేదు. ప్రసూతి వైద్యులు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు లేదా సోనాలజిస్టు ఆ బోర్డులో ఉండాలి. అర్జీ అందిన మూడు రోజుల్లో అది అభిప్రాయం చెప్పాలి, అనుమతిస్తే ఐదు రోజుల్లో పని జరగాలి. యాభై ఏళ్ల పొరపొచ్చెం అలా సర్దుకుంది, కనీసం కాగితం మీద.

మరుసటి ఏడాది, 2022 నవంబరు 26న, అప్పటి తెలంగాణ ఆరోగ్యమంత్రి హరీశ్ రావు హైదరాబాదు పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి నుంచి 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో 56 టిఫా యంత్రాలను ప్రారంభించారు. ఖర్చు ఇరవై కోట్లు. మూసీ ఒడ్డు పాత ప్రసూతి ఆసుపత్రి జజ్గీఖానాకు వారసురాలైన ఈ ఆసుపత్రిలో ఆ రోజు జరిగినదాన్ని మన పత్రికలు ఒక రోజు వార్తగా వేసి వదిలేశాయి. నా దృష్టిలో ఈ శతాబ్దపు తెలంగాణ ప్రసూతి చరిత్రలో అది పెద్ద మలుపు. ప్రైవేటులో వేలు పోసి చేయించుకునే పరీక్ష పేదరాలికి ఉచితంగా దక్కాలని ఒక ప్రభుత్వం ఇంత పెద్ద ఎత్తున తలపెట్టింది. 56 యంత్రాల వెనక అరగంట ఓపిగ్గా చూడగల 56 మంది కావాలి, సెలవులకూ షిఫ్టులకూ కలిపితే ఇంకా ఎక్కువమంది. హెల్సింకి చెప్పిన పాఠం ఇక్కడే అక్కరకొస్తుంది.

మళ్లీ తెల్లాపూర్‌కు వద్దాం. టవరు ఇరవయ్యో అంతస్తులో ఉండే అమ్మాయి నెల తప్పిన వారానికే డాక్టరు దగ్గరకు వెళుతుంది. ఎనిమిదో వారంలో మొదటి స్కాను, పన్నెండో వారంలో ఎన్‌టీ, ఇరవయ్యో వారానికి టిఫా అపాయింటుమెంటు ముందే ఫోనులో ఉంటాయి. అదే టవరు కట్టడానికి పాలమూరు నుంచో, ఒడిశా నుంచో, బీహారు నుంచో వచ్చి రేకుల షెడ్లలో కాపురముండే అమ్మాయి ఏ నెలలో ఎక్కడుంటుందో ఆమెకే తెలియదు. మేస్త్రి ఎక్కడికి తీసుకెళితే అక్కడికి. ఆశా కార్యకర్త ఇంటింటి జాబితాలో శాశ్వత చిరునామా ఉన్నవాళ్లే ముందు చేరతారు. పటాన్‌చెరు, కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రులు దూరమేమీ కాదు, ఒకరోజు కూలీ పోగొట్టుకుంటే వెళ్లి రావచ్చు. ఆ ఒక్కరోజు కూలీ దగ్గరే అంతా ఆగిపోతుంది.

ఆమె కాళ్ల వాపుతో ఎనిమిదో నెలలో వస్తుందనుకుందాం. చివరి నెలసరి తేదీ గుర్తుండదు. మొదటి మూడు నెలల్లో బిడ్డ పొడవు కొలిస్తే గర్భం ఎన్ని వారాలదో ఐదారు రోజుల తేడాతో చెప్పేయవచ్చు. ఎనిమిదో నెలలో కొలిస్తే రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. బిడ్డ చిన్నగా ఉందంటే, వారాలు తక్కువా లేక ఎదుగుదల ఆగిందా అని తేల్చలేరు. అప్పటికి ఎముకలు గట్టిపడి నీడలు పరుస్తాయి, ఉమ్మనీరు తగ్గుతుంది, గుండె గదులు సరిగ్గా చిక్కవు. చట్టం ఇరవై వారాలని రాసినా, ఇరవై నాలుగని రాసినా, పరిమితి లేదని రాసినా, ఆమె ఎన్నో వారంలో ఉందో ఎవరికీ తెలియనప్పుడు ఆ అంకెలు ఆమెవి కావు.

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. కట్టడం ఖర్చులో కొంత సెస్సుగా వసూలవుతుంది, రిజిస్టరైన మహిళా కార్మికులకు ప్రసూతి సాయమూ ఉంది. ఆ సాయాన్ని మొదటి మూడు నెలల స్కానుకూ ఐదో నెల టిఫాకూ ముడిపెట్టి, ఆ రెండు రోజుల కూలీ కార్మికుల సంక్షేమ బోర్డే చెల్లించి, సైటు గేటు దగ్గర నుంచి ఆసుపత్రి దాకా బండి పంపితే పెద్ద ఖర్చు కాదు. డబ్బు ఉంది, యంత్రం ఉంది, చట్టమూ ఉంది. కొల్లూరు వైపు వెళ్లే రోడ్డు మీద ఈ నెలలో పునాదులు తీస్తున్న సైట్ల దగ్గర రేకుల షెడ్లు లేచాయి. మొదటి పేర్లు అక్కడే రాసుకోవచ్చు.

(సశేషం)